పికప్‌ను ఎంత లేపాలి?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, నాది ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్, టైర్లు 245/70 ఆర్16. రోజూ నల్లగొండ టౌన్‌లో ఆఫీసుకు అదే బండి, వారంలో రెండు మూడుసార్లు హాలియా దాటి మా బత్తాయి తోటకు కూడా అదే. తోటకు పోయే చివరి బాటలో ట్రాక్టర్లు తిరిగి రెండు పక్కలా లోతుగా గాడులు పడ్డాయి, నడుమ మట్టి కట్టలా లేచింది. వానాకాలం వచ్చిందంటే బండి కింద గీరుకుంటోంది. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు నాలుగంగుళాలు లేపుదామంటున్నారు. మా దోస్తు ముందర స్పేసర్లు వేస్తే సరిపోతుందంటున్నాడు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, బండి మరీ ఎత్తయితే ఎక్కలేదు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నాలుగంగుళాల మాట మర్చిపోండి. అది రాళ్లూ గుట్టలూ ఎక్కించడానికి విడిగా ఒక బండి పెట్టుకున్నవాళ్ల పని, పొద్దున ఆఫీసుకు, సాయంత్రం కూరగాయలకు, నడుమ తోటకు ఒక్క బండినే తిప్పేవాళ్లది కాదు. మీకు 40 నుంచి 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల లోపు చాలు. అసలు ఆ రెండంగుళాలు కూడా కావాలో లేదో ఇంకా తేలలేదు, ఎందుకంటే కింద గీరుకుంటోందని రాశారు గానీ ఏది గీరుకుంటోందో రాయలేదు.

ముందు అది తేల్చుకోండి, పెద్ద ఖర్చేమీ లేదు. ఈసారి తోటకు పోయే ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి కింద దూరి కిందికి వేలాడుతున్న ప్రతి భాగానికీ చిక్కటి సున్నం పూసి ఆరనివ్వండి. ఎండిన బాట మీద పోయి వచ్చి మళ్లీ కిందికి దూరి చూడండి. సున్నం గీతలు గీతలుగా లేచిపోయిన చోటే తగిలినట్టు. ఫుట్‌స్టెప్ పైపులకో, వెనక మడ్‌ఫ్లాప్‌లకో, తర్వాత పెట్టించిన టో హుక్‌కో గీతలుంటే వాటిని విప్పించేస్తే కథ అయిపోయింది, లిఫ్ట్ అక్కర్లేదు. ఇంజిన్ కింది ప్లేటు, గేర్‌బాక్స్ కింద అడ్డంగా ఉండే మెంబరు, డీజిల్ ట్యాంకు అంచు తగులుతున్నాయా, అప్పుడు లిఫ్ట్ పనికొస్తుంది. వెనక ఇరుసు నడుమ లావుగా ఉండే హౌసింగ్ తగులుతుంటే మాత్రం ఎంత లేపించినా దండగే. ఆ ఇరుసు చక్రాలతోపాటు ఉంటుంది, కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద బాడీ ఎంత లేచినా ఇరుసుకూ నేలకూ ఉన్న దూరం వెంట్రుకవాసి మారదు. ఈ ఒక్క సంగతి తెలియక లక్షలు పోసి బండి లేపించుకుని, మళ్లీ అదే మట్టి కట్టకు అదే హౌసింగ్ గీకించుకునేవాళ్లున్నారు.

ఇరుసును పైకి తెచ్చేది టైరొక్కటే, అదీ కాస్తంతే. లెక్క వేసి చూడండి: మీ 245/70 ఆర్16 టైరు మొత్తం ఎత్తు దాదాపు 749 మిల్లీమీటర్లు. 265/70 ఆర్16 అయితే 777. తేడా 28, ఇరుసు లేచేది అందులో సగం, 14 మిల్లీమీటర్లు. మీ మీటరు ఇప్పుడు సరిగ్గానే చూపిస్తుందనుకుంటే, ఆ టైర్లు వేశాక అది 80 చూపిస్తున్నప్పుడు బండి 83 మీద పోతుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో కూడా చూసుకోవాలి. ఇంతకీ, ఆ బాటలో రెండు ట్రాక్టర్ల మొరం పోయిస్తే లిఫ్ట్ కంటే చాలా చవకగా పోతుంది, పక్క రైతులు కూడా కలిసొస్తారు. అడిగింది బండి గురించే కాబట్టి బండి సంగతికే వస్తాను.

మీ దోస్తు చెప్పిన స్పేసర్ల గురించి, అంటే ఎత్తు కోసం సస్పెన్షన్ పైన పెట్టే దిమ్మెల గురించి. వీ-క్రాస్‌లో గానీ టయోటా హైలక్స్‌లో గానీ ముందర కాయిల్ స్ప్రింగూ షాకూ (షాక్ అబ్జార్బరూ) కలిసి ఒకే కాలులా ఉంటాయి, ఆ కాలు కింది ఆర్మ్‌కు నడుమ ఎక్కడో కూర్చుంటుంది, చక్రమేమో ఆర్మ్ చివర ఉంటుంది. అందుకే కాలు పైన 25 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే చక్రం దగ్గర 40 నుంచి 50 దాకా వస్తుంది. ఇది తెలియక రెండంగుళాల లిఫ్ట్ కావాలని రెండంగుళాల స్పేసరే కొనుక్కొచ్చేవాళ్లకు కొదవ లేదు. స్పేసర్ చవక, స్ప్రింగ్ పాతదే కాబట్టి బండి నడక కూడా పెద్దగా మారదు, ఈ రెండూ ఒప్పుకోవాల్సిందే. కానీ గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు ఇదివరకటికంటే ఇంకా కిందికి దిగుతుంది, అప్పుడు పై బాల్ జాయింటు, ముందు యాక్సిల్ జాయింట్లు వంగగలిగినంతా వంగుతాయి. యాక్సిల్ బూటు ముడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటికి, మన చెలక దుమ్ము లోపలికి, ఇక ఆ జాయింటు టకటకమని మొత్తుకునే దాకా మీకు తెలియదు. టార్ రోడ్డు మీదే తిరిగే బండికి సన్న స్పేసర్ వేస్తే నాకేం అభ్యంతరం లేదు. గాడుల్లో వారానికి మూడుసార్లు దిగే బండికి వద్దంటాను. మీకు కావాల్సింది ఆ ఎత్తు కోసమే చేసిన స్ప్రింగులు, వాటికి సరిపడే పొడవున్న షాక్‌లు, నాలుగు చక్రాలకూ ఒకే కంపెనీ సెట్టు.

షాపులో మొదటి ప్రశ్నే ‘ఎన్ని అంగుళాలు’ అయితే ఇంకో షాపు చూసుకోండి. ‘రోజూ బండిలో ఎంత బరువుంటుంది’ అని అడిగేవాడు మీకు కావాలి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ లాంటి ఆస్ట్రేలియా బ్రాండ్లలో వెనక కమాన్ కట్టలు బరువును బట్టి వేరువేరుగా దొరుకుతాయి: ఖాళీగా తిరిగే బండికి ఒకటి, ఎప్పుడూ రెండు మూడు వందల కిలోలు మోసేదానికి ఒకటి, ఆ పైన ఇంకోటి. మనవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50, పది డీఏపీ బస్తాలంటే అర టన్ను. నిజమే, కానీ అది సీజన్‌లో నాలుగు రోజుల ముచ్చట. ఆ నాలుగు రోజుల కోసం గట్టి కట్ట వేయించారనుకోండి, మిగతా ఏడాదంతా ఖాళీ బండి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఎగురుతుంది, వెనక సీట్లో అమ్మ నడుం పట్టేస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి మీకు తేలిక కట్టే సరి. డీఏపీ తెచ్చే రోజు నిదానంగా రండి, కట్ట కాస్త కుంగితే కుంగనివ్వండి, బండి పాస్ అయిన బరువు దాటకుండా చూసుకుంటే చాలు. ఫుల్ సెట్టుకు లక్ష పైమాటే, అది ముందే తెలుసుకుని దిగండి.

లిఫ్ట్ అయ్యాక వీల్ అలైన్‌మెంట్ ఎలాగూ చేయిస్తారు. చాలామంది మర్చిపోయేవి వేరే ఉన్నాయి. వెనక కట్ట మార్చినప్పుడు దాన్ని ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవి వేయించండి, ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూపించండి. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసు నుంచి ఛాసిస్‌కు ఒక సన్న కడ్డీ ఉంటుంది, బండి మీద ఎంత బరువుందో చూసి వెనక బ్రేకులకు అంత ప్రెషర్ ఇచ్చే వాల్వ్ అది. బండి వెనక భాగం లేపితే ఆ వాల్వ్ ‘బండి ఖాళీగా ఉంది’ అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మీ బండికి ఆ కడ్డీ ఉందో లేదో చూడమనండి, ఉంటే కొత్త ఎత్తుకు తగ్గట్టు సెట్ చేయాలి. హెడ్‌లైట్లు కూడా కిందికి దించాలి. ఖాళీ పికప్ వెనక భాగం కొంచెం ఎత్తుగా ఉండేది బరువు వేశాక సమంగా రావాలనే, ఆ తేడాను ముందర లేపి మొత్తం చెరిపేస్తే బస్తాలు వేసిన రాత్రి మీ లైట్లు సాగర్ రోడ్డులో ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకే కొడతాయి.

ఇంకో సంగతి గట్టిగానే చెబుతాను. కోతలప్పుడు మన రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాయి చివరి క్షణంలో కనబడి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాల్సి వస్తుంది. రెండంగుళాలు లేపిన బండి మంచి షాక్‌ల మీద ఉంటే కాస్త ఊగి సర్దుకుంటుంది. నాలుగంగుళాలు లేపి, పైన క్యారియర్ కట్టి, పెద్ద టైర్లు తొడిగిన బండి సర్దుకుంటుందని నేను హామీ ఇవ్వలేను.

అమ్మ కోసం ఒక చిన్న గట్టి స్టూలు బండిలో పడేసుకోండి. ఫుట్‌స్టెప్ తగులుతోందని తీయించినా ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: మాది బొలెరో క్యాంపర్, జడ్చర్ల దగ్గర సిమెంట్, ఐరన్ షాపుకు తిప్పుతాం. ఆరేళ్లయింది, వెనక బాగా కూర్చుంది. కట్టలో ఒక పట్టీ ఎక్కిస్తే లేస్తుందా, లేక పొడుగు షాకిల్స్ వేయాలా?
– జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీకు కావాల్సింది లిఫ్ట్ కాదన్నా, పోయిన ఎత్తు తిరిగి రావడం. కట్ట చివరను ఛాసిస్‌కు తగిలించే ఆ షాకిల్స్ వద్దు. షాకిల్ రెండంగుళాలు పొడుగు చేస్తే బండి లేచేది అంగుళమే, అదీ కూర్చున్న కట్ట అలాగే ఉంటుంది, పైపెచ్చు మలుపుల్లో పక్కలకు ఊగుతుంది. కమాన్ షాపులో పాత పట్టీలనే కొట్టి వంపు తెచ్చి ఇస్తామంటారు, డబ్బులు తక్కువే, కానీ సిమెంట్ మోసే బండికి అది ఎక్కువ కాలం నిలవదు. కట్ట విప్పించి ఒక్కో పట్టీని తుడిచి చూడండి, సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర సన్నగా జుట్టు పగులు కనిపిస్తే ఆ పట్టీ పారేయాల్సిందే. పట్టీలన్నీ బాగుంటే అదే మందం, అదే వెడల్పు ఉన్న ఒక పట్టీ ఎక్కించొచ్చు. రెండు వైపులా ఎక్కించాలి, ఒక్క వైపే కూర్చున్నట్టు కనిపించినా సరే. బుషింగులు కూడా అప్పుడే మార్చేయండి. పట్టీ ఎక్కిస్తే బండి మోయగలిగే బరువు పెరిగిందని మాత్రం అనుకోవద్దు. ఇరుసు, బ్రేకులు, ఛాసిస్ అవే కదా.

ప్రశ్న: నా పికప్‌ను ముందర స్పేసర్లు, వెనక ఇరుసుకూ కట్టకూ నడుమ ఇనుప దిమ్మెలు పెట్టి రెండున్నర అంగుళాలు లేపించాను. కల్వకుర్తి రోడ్డు మీద 80 దాటితే స్టీరింగ్ అటూ ఇటూ పోతోంది, పట్టుకునే కూర్చోవాలి, ఒకటే టెన్షన్. కింద నుంచి గుయ్‌మని మోత కూడా. అలైన్‌మెంట్ చేయించినా పోలేదు.
– అచ్చంపేట

జవాబు: రెండూ వేరువేరు జబ్బులు. స్టీరింగ్‌ది కాస్టర్ సమస్య అయ్యుంటుంది. ముందు చక్రం ఏ గీత చుట్టూ పక్కకు తిరుగుతుందో, ఆ గీత వెనక్కి వాలే కోణమే కాస్టర్. ముందర లేపినప్పుడు ఆ కోణం తగ్గిపోతుంది, తగ్గితే స్టీరింగ్ తనంతట తాను నడుమకు రాదు. మన దగ్గర చాలా అలైన్‌మెంట్ షాపుల్లో టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత, అదొక్కటే సరిచేసి పంపిస్తారు. కాస్టర్ కొలత ఉన్న ప్రింటవుట్ తీసుకోండి, రెండు వైపులా కంపెనీ చెప్పిన హద్దులో ఉందో లేదో చూడండి. కింది ఆర్మ్ బోల్టులు తిప్పినా హద్దులోకి రాకపోతే రెండు దారులు: పై ఆర్మ్‌లు లిఫ్ట్‌కు పనికొచ్చేవి వేయించడం, లేదా ముందర ఒక అంగుళం కిందికి దించడం. నేనైతే దించమంటాను.

మోత ప్రొపెల్లర్ షాఫ్ట్‌ది కావచ్చు. వెనక లేపేసరికి షాఫ్ట్ వాలు మారి, సెంటర్ బేరింగ్ దగ్గరా క్రాస్‌ల (షాఫ్ట్ వంగే జాయింట్ల) దగ్గరా కోణాలు తప్పుతాయి. ఇరుసు దగ్గర చీలలాంటి సన్న షిమ్ పెట్టి కోణం సరిచేయొచ్చు, సెంటర్ బేరింగ్‌ను కాస్త దించొచ్చు. ముందు క్రాస్‌లలో ఆట ఉందేమో చేత్తో పట్టుకుని కదిపి చూడమనండి, పాత బండి అయితే అదే కావచ్చు. ఇక ఆ దిమ్మెలు తీయించేయండి. బరువుతో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వాటి మీద ఇరుసు మెలిక తిరుగుతుంది, కట్ట మీద అనవసరమైన భారం.

ప్రశ్న: లిఫ్ట్ చేస్తే ఆర్టీఏ వాళ్లు పట్టుకుంటారా? ఇన్సూరెన్స్ పోతుందా?
– మిర్యాలగూడ

జవాబు: పట్టుకునేదీ లేనిదీ మీ అదృష్టం, చట్టం మాత్రం ఇలా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్పులు కుదరవనే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది: అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బంపర్ ముందర బిగించే ఇనుప బుల్‌బార్‌లయితే 2017 డిసెంబర్ నుంచే కేంద్రం వద్దంటోంది, లిఫ్ట్‌తోపాటు అది కూడా పెట్టించాలనుకుంటే మానుకోండి.

ఇన్సూరెన్స్ విషయంలో దాచొద్దు. పని చేయించే ముందే ఏ కంపెనీ స్ప్రింగులు, ఎంత ఎత్తు అని ఇన్సూరెన్స్ వాళ్లకు మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు వచ్చాకే బండి షాపుకు ఇవ్వండి. ఏజెంట్ ఫోన్‌లో ‘ఏం కాదన్నా, నేనున్నా’ అన్నది క్లెయిమ్ రోజు పనికిరాదు. వారంటీలో ఉన్న బండి అయితే షోరూం వాళ్లను కూడా అడగండి, సస్పెన్షన్, యాక్సిల్ వారంటీ పోవచ్చు. విప్పిన పాత స్ప్రింగులు, షాక్‌లు తుక్కుకు వేయకుండా గోనెసంచిలో కట్టి దాచండి. రేపు ఎవరైనా అభ్యంతరం చెప్పినా, బండి అమ్మాలన్నా, అవే మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది.