నలుగురిలోకి వెళ్లడం తగ్గిందా? ముందు చెవులు, నిద్రమాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 69. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక భార్యతో కలిసి ఒక చిన్న పట్టణంలో స్థిరపడ్డాను. పిల్లలు దూరంగా ఉంటారు. మొదట్లో రోజూ సాయంత్రం గ్రంథాలయానికి, అక్కడి నుంచి స్నేహితుల దగ్గరికి వెళ్లేవాణ్ని. ఏడాదిగా అది బాగా తగ్గిపోయింది. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే తలనొప్పి వస్తుంది, ఇంటికి వచ్చేయాలనిపిస్తుంది. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తాను. అందుకని ఒక మిత్రుడు చెప్పిన నిద్రమాత్ర సగం వేసుకుంటున్నాను. బీపీ, షుగర్‌లకు 12 ఏళ్లుగా మందులు వాడుతున్నాను. పెద్ద వయసులో నలుగురితో కలిసిమెలిసి ఉంటే మతిమరుపు రాదని చదివాను. ఇంత చిన్న ఊళ్లో ఎలాంటి సంఘంలో చేరాలి? రోజుకు ఎంతసేపు గడపాలి? జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా వాడవచ్చా?

జవాబు: ఏ సంఘంలో చేరాలని మీరు అడిగారు. దానికి తరువాత వస్తాను. మీరు పెద్దగా పట్టించుకోకుండా మధ్యలో రాసిన నిద్రమాత్ర మాటే నాకు ముందు ఆందోళన కలిగించింది. దాని పేరు రాయలేదు, ఎన్ని నెలలుగా వాడుతున్నారో రాయలేదు, మీకు బీపీ, షుగర్ మందులు రాసే వైద్యుడికి ఈ సంగతి తెలుసో లేదో కూడా రాయలేదు. ఒకరికొకరు చెప్పుకుని వాడే నిద్రమాత్రలు తరచుగా ఆల్ప్రజోలామ్, క్లోనాజెపామ్ వంటి బెంజోడయజిపైన్ వర్గానికి చెందినవే అవుతాయి కాబట్టి మీదీ అలాంటిదే అయి ఉండవచ్చునన్న అనుమానంతో ఈ సమాధానం రాస్తున్నాను. కాకపోతే ఇందులో కొన్ని మాటలు మీకు వర్తించకపోవచ్చు.

ఈ వర్గం మందులను 65 ఏళ్లు దాటినవారికి వీలైనంతవరకు ఇవ్వకూడదన్నది వృద్ధుల వైద్యంలో పాత మాటే. అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లో మొదలుపెట్టగా, అక్కడి వృద్ధుల వైద్య నిపుణుల సంఘం ఇప్పటికీ సవరిస్తూ వస్తున్న జాబితాలో, పెద్దవారికి సాధారణంగా తగని మందుల కింద ఇవి ఉన్నాయి. వయసుతో పాటు శరీరంలో కొవ్వు పాలు పెరగడం, ఈ మందుల్లో చాలావాటిని కాలేయం విచ్ఛిన్నం చేసే వేగం తగ్గడం, మెదడు వాటికి మరింత సున్నితంగా స్పందించడం వల్ల రాత్రి వేసుకున్న సగం మాత్ర ప్రభావం మర్నాడు పగలంతా కొంత మిగిలిపోవచ్చు. పగటి మత్తు, చెప్పబోయిన మాట తట్టకపోవడం, అడుగు తూలడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం కనిపించినప్పుడు ఇంట్లోవారు వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు గాని మాత్రను అనుమానించరు. పైగా మీరు రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నారు. మత్తులో, చీకట్లో స్నానాలగది దాకా నడిచే మనిషి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ఆ తరువాత నెలల తరబడి ఏ సంఘానికీ వెళ్లే పరిస్థితి ఉండదు.

అలాగని ఇది చదివి ఈ రాత్రి నుంచే మాత్ర మానేయవద్దు. చాలాకాలం వాడిన తరువాత ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, ఆందోళన, వణుకు, అరుదుగా మూర్ఛ కూడా రావచ్చు. వైద్యుడి పర్యవేక్షణలో వారాల మీద, కొందరికి నెలల మీద, కొంచెం కొంచెంగా తగ్గించవలసి ఉంటుంది. జలుబుకో దురదకో మీ అంతట మీరు కొనుక్కునే మాత్రలు ఏవైనా ఉంటే వాటినీ చూపించండి. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాతతరం అలర్జీ మందులు పెద్దవారిలో మగతను, తికమకను కలిగిస్తాయి, మగవారికి మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగినవారిలో మూత్రం బిగదీసుకుపోయేలా చేస్తాయి. ఇన్నేళ్లు ఉపాధ్యాయులుగా పనిచేసిన మీరు, పక్కవాడి జవాబుపత్రం చూసి రాసిన సమాధానానికి మార్కులు వేసి ఉండరు. మిత్రుడికి సరిపడిన మాత్రను మీరు వేసుకోవడం కూడా అంతే. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. మీ మూత్రపిండాల పనితీరు, మీరు వాడే మిగతా మందులు ఆయనకు తెలియవు కదా.

ఇక నలుగురూ ఒకేసారి మాట్లాడితే తలనొప్పి వస్తుందన్న మాట. పరీక్షించకుండా నిర్ధారించలేను గాని, దీన్ని చదవగానే నాకు వినికిడి మీదికి ధ్యాస పోయింది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా మొదట తగ్గేది సన్నగా, కీచుగా ఉండే హెచ్చు స్థాయి ధ్వనులు. స, ష, త, ఫ వంటి హల్లుల స్పష్టత వాటిమీదే ఆధారపడి ఉంటుంది. అచ్చులు బాగానే వినిపిస్తాయి కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో మాత్రం తెలియదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో భార్యతో మాట్లాడేటప్పుడు ఇబ్బంది అనిపించదు. ఫ్యాను చప్పుడు మధ్య నలుగురు కలగలిపి మాట్లాడినప్పుడు జారిపోయిన అక్షరాలను మెదడు ఊహతో పూరించుకోవాలి. ఆ శ్రమకు అరగంటలో అలసట వస్తుంది. అందరూ నవ్వినప్పుడు ఎందుకో తెలియకుండానే నవ్వడం, అడిగిందే మళ్లీ అడగడానికి సిగ్గుపడటం, చివరికి ఏదో సాకు చెప్పి లేచిపోవడం, ఆపైన వెళ్లడమే మానేయడం నేను తరచుగా చూసే క్రమం. మనిషి మారిపోయాడని ఊరంతా అనుకుంటుంది. మారింది చెవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో నాలుగోవంతుకు పైగా మందికి రోజువారీ పనులకు అడ్డుపడేంత వినికిడి లోపం ఉంది. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే డిమెన్షియాపై లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మన చేతుల్లో కొంతైనా ఉన్న ముప్పు కారణాలను 14గా లెక్కించి, వాటన్నిటినీ సరిదిద్దగలిగితే సుమారు 45 శాతం కేసులను నివారించే లేదా వాయిదా వేసే అవకాశం ఉందని అంచనా కట్టింది. వినికిడి లోపం, నలుగురికీ దూరంగా ఉండటం రెండూ ఆ 14లో ఉన్నాయి. అది మొత్తం జనాభాకు వేసిన అంచనా, ఏ ఒక్కరికీ ఇచ్చిన హామీ కాదు. కాబట్టి కలిసిమెలిసి ఉంటే మతిమరుపు రాదని మీరు చదివిన వాక్యాన్ని, ముప్పు కొంత తగ్గవచ్చని సవరించుకోండి. వినికిడి యంత్రాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 70 నుంచి 84 ఏళ్లవారిపై అమెరికాలో మూడేళ్లు జరిపి 2023లో ప్రచురించిన ఎచీవ్ అనే పరీక్షలో, పాల్గొన్నవారందరినీ కలిపి చూస్తే యంత్రం పెట్టుకున్నవారికీ పెట్టుకోనివారికీ ఆలోచనాశక్తి క్షీణతలో తేడా కనిపించలేదు. ముందునుంచే ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం ఆ క్షీణత 48 శాతం నెమ్మదించింది. ఆ పరీక్ష ఫలితం ఎలా ఉన్నా, సంభాషణ అందుకోగలగడం కోసమే యంత్రం పెట్టుకోవడం సమంజసమని నా అభిప్రాయం.

చెవి, ముక్కు, గొంతు వైద్యుడిని కలవండి. ఒక్కోసారి చెవిలో గులిమి గట్టిపడటమే కారణమవుతుంది, అది తీయడంతోనే సగం బాధ తీరుతుంది. పుల్లలతో, పిన్నులతో మీరే తీయబోవద్దు. తరువాత ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకోండి, అందులో నొప్పేమీ ఉండదు. యంత్రం అవసరమని తేలితే మొదటి వారాల్లో అన్నీ కర్కశంగా వినిపిస్తాయి. చాలామంది ఆ దశలోనే దాన్ని సొరుగులో పడేస్తారు. రోజూ కొన్ని గంటలు ఇంట్లో పెట్టుకుని, అలవాటయ్యాక ఇద్దరు ముగ్గురి మధ్యకు వెళ్లి, అవసరాన్ని బట్టి మళ్లీ సరిచేయించుకోవాలి. నగరంలో ఎవరి చెవిలో ఏముందో ఎవరూ చూడరు. చిన్న పట్టణంలో అందరూ చూస్తారు, అడుగుతారు, ఆ మొహమాటంతోనే జనం ఏళ్ల తరబడి ఆలస్యం చేస్తారు. ఆ ప్రశ్నలు రెండు వారాలకు మించి సాగవు.

రాత్రి మూత్రానికి లేవడానికి నిద్రమాత్ర చికిత్స కాదు. షుగర్ అదుపు తప్పడం, ప్రొస్టేట్ పెరగడం, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రను సాయంత్రం వేసుకోవడం, నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండటం, పగలు కాళ్లలో చేరిన నీరు పడుకున్నాక దిగడం, ఇలా కారణాలు అనేకం. మూడు రోజులపాటు ఎప్పుడు ఎంత తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు అని రాసిపెట్టుకుంటే వైద్యుడి పని సులువవుతుంది. మాత్రల వేళలు మాత్రం ఆయన చెప్పకుండా మార్చవద్దు. పగలు కూడా మూత్రం ఆపుకోలేక తొందరపడే ఇబ్బంది ఉందేమో మీరు రాయలేదు. మగవారు సాధారణంగా రాయరు. సభకో శుభకార్యానికో రాకపోవడానికి అసలు కారణం అదేనని భార్య చెబితేనే తెలిసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మీరు వాడే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ అయితే, దీర్ఘకాలం వాడినవారిలో విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉంది. ఆ లోపం వల్ల నీరసం, పాదాల తిమ్మిరి, మతిమరుపు రావచ్చు. బీ12, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు, సోడియం, మూడు నెలల సగటు చక్కెర పరీక్షలు అవసరమా అని మీ వైద్యుడిని అడగండి. ఒకప్పుడు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, మనసు దిగులుగా ఉండటం రెండు వారాలకు మించి రోజూ ఉంటే డిప్రెషన్‌ను కూడా పరిశీలించాలి. పెద్దవారిలో అది కన్నీళ్లకన్నా ఒళ్లు నొప్పులుగా, తెల్లవారుజామునే మెలకువగా, మనుషుల మీద విసుగుగా బయటపడుతుంది. దానికి చికిత్స ఉంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. రోజుకు ఇంతసేపని మోతాదు చెప్పగల ఆధారం లేదు. ఒంటరిగా ఉండటం, ఒంటరితనం బాధించడం ఒకటి కావు. రోజంతా జనంలో ఉండి ఒంటరివారైనవాళ్లూ ఉంటారు. చిన్న పట్టణంలో మనుషులు తక్కువ కాబట్టి, ఇద్దరు స్నేహితులు దూరమైతే బృందమే చెదిరిపోతుంది. అందువల్ల మీ ఈడువారితోనే గాక కాస్త చిన్నవారితో కూడా సంబంధం పెట్టుకోవడం మంచిది. ఒకరిద్దరు పిల్లలకు వారంలో రెండు రోజులు పాఠం చెప్పడం మీకు కష్టం కాదు, మీరు రాకపోతే అడిగేవాళ్లూ ఉంటారు. పెద్ద సంఘం సమావేశంకన్నా ముగ్గురు కూర్చునే చోటు మీ చెవులకు నయం. అక్కడ కూడా గోడకు వీపు ఆనించి, మాట్లాడేవారి ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోండి. సాయంత్రాలు చూపు మసకగా ఉంటే పగటి వేళకు మార్చుకుని, శుక్లాలున్నాయేమో చూపించుకోండి. ఒక మిత్రుడితో కలిసి వారానికి మొత్తం 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస వ్యాయామం కూడా పూర్తవుతుంది. 65 దాటినవారికి వారంలో మూడు రోజులు తూలిపోకుండా నిలబడే వ్యాయామాలు కూడా కలపమని ఆ సంస్థ చెబుతోంది. గుండె, కీళ్ల సమస్యలుంటే ముందు వైద్యుడి అనుమతి తీసుకోండి.

జ్ఞాపకశక్తి టానిక్ గురించి: విటమిన్ లోపం తేలితే ఆ లోపానికి మందు ఉంటుంది, తేలకపోతే అలాంటి సీసాలు మతిమరుపును ఆపుతాయని నమ్మదగిన ఆధారం లేదు. కొన్ని మీ మందులతో కలిసి ఇబ్బంది పెట్టవచ్చు.

ఇదంతా లేఖను బట్టి చెప్పిన సాధారణ సలహా, పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, చీటీ లేనివి కూడా, ఒక సంచిలో వేసుకుని వారం లోపల మీ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. వీలైతే భార్యను వెంట తీసుకెళ్లండి, మీరు గమనించనివి ఆమె చెబుతారు. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోవడం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, మాట తడబడటం, ఒకవైపు చేయి లేదా కాలు బలహీనపడటం, ఒకటి రెండు రోజుల్లోనే తికమక పెరగడం, పడి తలకు దెబ్బ తగలడం జరిగితే వారం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.