జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడు నకాటా 29 ఏళ్ళకే ఆట మానేసి తొందరపడ్డాడా?

లేదు. నన్నడిగితే రెండు మూడేళ్ళు ఆలస్యమే చేశాడు.

2006 జూన్‌లో నేను కోర్సు పేరు చెప్పి అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాణ్ణి. వరల్డ్ కప్‌లో బ్రెజిల్, జపాన్ మ్యాచ్ మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకి. టీవీ గదిలో పదిమందిమి చేరాం, అందరూ రొనాల్డో కోసం వచ్చినవాళ్ళే. తీరా మొదటి గోల్ జపాన్ కొట్టింది, తమాడా. మేం వేసిన కేకలకి వార్డెన్ అంకుల్ లుంగీ బిగించుకుంటూ దిగొచ్చి, తిట్టాల్సినవన్నీ తిట్టి, స్కోరెంత అని అడిగి తనూ కూర్చున్నాడు. చివరికి 4-1తో బ్రెజిల్ గెలిచింది, జపాన్ ఇంటికి. టీవీ కట్టేద్దామని లేస్తే నకాటా కనిపించాడు. మైదానం మధ్యలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఎంతసేపటికీ లేవడు. "కాలు పట్టేసినట్టుంది పాపం" అన్నాడు అంకుల్. నేనూ అదే అనుకున్నా.

కాలు కాదు. జూలై 3న రిటైరవుతున్నానని తన వెబ్‌సైట్లో రాసేశాడు. మన పేపర్లో అది అడుగున చిన్న ముక్క, ఎందుకంటే ద్రావిడ్ జట్టు జమైకాలో టెస్టు సిరీస్ గెలిచింది కూడా అప్పుడే. మనకి క్రికెట్ ఉంటే ఇంకోటి కనపడదు, ఆ గొడవ మళ్ళీ ఎప్పుడైనా.

"అంత చిన్న వయసులోనా" అనేవాళ్ళు ఆయన ఏం చూసి వదిలాడో చూడరు. 1998లో ఇటలీ వెళ్ళి, పెరూజా అనే క్లబ్ తరఫున మొదటి లీగ్ మ్యాచ్‌లోనే యువెంటస్ లాంటి పెద్ద క్లబ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. అయినా జపాన్‌లో జెర్సీలు అమ్ముకోవడానికే ఇతన్ని కొన్నారని అనేవాళ్ళు ఉన్నారు! తర్వాత రోమా క్లబ్‌కి వెళ్తే, తను ఆడే చోట అక్కడ వాళ్ళ స్టార్ టొట్టి ఉన్నాడు. ఇంకేముంది, బెంచి. 2001 మేలో మళ్ళీ యువెంటసే, రోమా 0-2తో వెనకబడి ఉంది, టొట్టిని తీసి ఇతన్ని దింపారు. దూరం నుంచి ఒకటి బాదాడు, గోల్. ఆఖర్లో కొట్టిన ఇంకో షాట్‌ని యువెంటస్ గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ ఆపాడు గానీ పట్టలేకపోయాడు, బంతి రోమా ఆటగాడు మోంటెల్లాకి దొరికి 2-2. ఆ ఏడు లీగ్ రోమాదే. ఆ వేసవిలోనే ఇతన్ని పార్మా క్లబ్‌కి అమ్మేశారు. ఆట మీద మనసు అక్కడే విరిగిందని నా గట్టి నమ్మకం. తర్వాత ఆడిన బొలోన్యా, ఫియొరెంటీనా, బోల్టన్ క్లబ్బులు, అవన్నీ రోజులు గడపడమే.

నేనూ టీమ్ లీడ్‌గా ఉండగా మానేసి మొక్కల నర్సరీ పెట్టుకున్నాను, ఏడేళ్ళయింది. మా పిన్ని ఏ పెళ్ళిలో కనబడినా "ఏరా, మళ్ళీ ఎక్కడైనా చేరావా" అంటుంది. నకాటా దేశాలు తిరిగొచ్చి, జపాన్ వాళ్ళ బియ్యపు మద్యం సాకే వ్యాపారంలో దిగాడు. వాళ్ళ పిన్ని కూడా అడిగే ఉంటుంది.