గంట మాటకు రుసుము తీసుకోవచ్చా?

ప్రశ్న: ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు కర్మాగారంలో పనిచేసి, నాలుగు నెలల క్రితం పదవీ విరమణ చేశాను. పెట్టుబడి పరిశోధన కోసం గంటసేపు ఫోన్‌లో మాట్లాడితే రుసుము ఇస్తామని ఒక సంస్థ అంటోంది. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రుసుము తీసుకోవడం తప్పు కాదు. సున్నపురాయి నాణ్యత, బట్టీకయ్యే బొగ్గు ఖర్చు వంటి మీ అనుభవాన్ని నిరభ్యంతరంగా వివరించండి. అయితే మీ కంపెనీ స్టాక్ మార్కెట్లో నమోదైనదైతే, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం) నిషేధ నిబంధనల ప్రకారం వైదొలగిన 6 నెలల వరకు మీరు దానితో సంబంధమున్న వ్యక్తిగానే లెక్కకు వస్తారు కనుక, ఇంకా ప్రకటించని లాభనష్టాలు, విస్తరణ వంటి షేరు ధరను కదిలించే సంగతులేవీ చెప్పకూడదు. ఆ గడువు దాటినా, అటువంటి సమాచారం చేతిలో ఉన్నవారెవరైనా ఇన్‌సైడరే, అంటే ఆ నిషేధం వర్తించే లోపలి మనిషే. "ఈ నెల లారీలు ఎన్ని కదిలాయండీ?" అని మాటల మధ్యలో మామూలుగా అడుగుతారు; ఇంకా ప్రకటించని అమ్మకాలను దాన్నిబట్టి అంచనా కట్టొచ్చు, అసలు చిక్కు అక్కడే. నియామక పత్రంలోని గోప్యత షరతును కూడా ముందే చదువుకోండి.