అమ్మమ్మ పుస్తకాల పెట్టె: కోటుకు చీటీతో రైలెక్కిన పిల్లలు

ప్రశ్న: మేడమ్, మా పదేళ్ల పాప నార్నియా కథ చదువుతోంది. యుద్ధం వల్ల నలుగురు పిల్లల్ని లండన్ నుంచి పల్లెలో ఉన్న ఒక ముసలి ప్రొఫెసర్ ఇంటికి పంపేస్తారని మొదట్లోనే ఉంది. బీరువా, మంచు, సింహం అన్నీ వదిలేసి, ‘అమ్మా, నువ్వైతే నన్ను అలా పంపేస్తావా?’ అని రాత్రంతా నన్ను పీక్కుతింది. నిజంగా అలా పంపారా? దానికి ఏమని చెప్పను? – ఒక తల్లి

జవాబు: నిజంగానే పంపారమ్మా. 1939 సెప్టెంబర్ 1న, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందే, ఈ తరలింపు మొదలైంది. మూడు నాలుగు రోజుల్లో సుమారు 15 లక్షల మంది నగరాలు వదిలారు. అందులో అమ్మానాన్నా లేకుండా, బడి టీచర్ల వెంట వెళ్లిన పిల్లలే 8 లక్షల పైచిలుకు. మెడలో అట్టపెట్టెలో గ్యాస్ మాస్క్, చేతిలో చిన్న సంచి, కోటుకు పేరు రాసిన చీటీ. సంచిలో ఏం పెట్టాలో కూడా ప్రభుత్వమే చెప్పింది: మార్చుకోవడానికి లోబట్టలు, రాత్రి బట్టలు, టూత్ బ్రష్, దువ్వెన, తువ్వాలు, రుమాళ్లు, ఆ రోజుకు సరిపడా తిండి. బొమ్మ ఆ జాబితాలో లేదు. అందుకే ఈ కథల్లో ఎవరో ఒకరు కోటు కింద బొమ్మ దాచుకుని రైలెక్కుతారు.

పిల్లలు ఏ ఊళ్లో దిగుతారో చాలామంది తల్లులకు తెలియదు. చేరాక పిల్లలు రాసిన పోస్టుకార్డు వస్తేనే అడ్రస్ తెలిసేది. నార్నియా రాసిన సి.ఎస్. లూయిస్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లోని తన ఇంట్లో ఇలా వచ్చిన ఆడపిల్లల్ని ఉంచుకున్నాడు. ఆ ప్రొఫెసర్ ఇల్లు గాల్లోంచి పుట్టింది కాదు.

ఇక పాపకు ఏం చెప్పాలంటారా? ‘నేనైతే ఛస్తే పంపను’ అని మాత్రం అనకండి. మా మనవరాలికి నేను అలాగే మాటిచ్చి ఇరుక్కుపోయాను. ‘అయితే బాంబు పడినా ఫరవాలేదా అమ్మమ్మా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి తల్లులకు కూడా ఆ రెండిట్లో ఏది తప్పో తేలలేదు. బాంబులు పడకపోయేసరికి 1940 జనవరికల్లా దాదాపు సగం మంది ఇళ్లకు తిరిగొచ్చేశారు. ఆ సెప్టెంబర్ 7న లండన్ మీద బాంబులు మొదలయ్యాక మళ్లీ మూటలు కట్టారు. పంపిన తల్లి, వెనక్కి తెచ్చుకున్న తల్లి, మళ్లీ పంపిన తల్లి, చాలాసార్లు ముగ్గురూ ఒక్కరే. పాపకు ఇది చెప్పండి. అర్థం చేసుకుంటుంది.

ప్రశ్న: అమ్మమ్మా, నేను ఏడో తరగతి. లండన్ నుంచి పల్లెకు వచ్చిన ఇద్దరు పిల్లలు జర్మన్ గూఢచారిని పట్టుకున్నట్టు కథ రాశాను. మా టీచర్ చదివి, ‘గూఢచారి బాగా అరిగిపోయాడురా’ అన్నారు. గూఢచారి లేకపోతే ఇంక సాహసం ఏముంటుంది? – ఒక రచయిత (12 ఏళ్లు)

జవాబు: ఒరే రచయితా, మీ టీచర్ మాట నిజమే. ఈ కథల్లో గుహ ఉంటే అందులో గూఢచారి ఉంటాడు, ఆయన బూట్లకు బురద ఉంటుంది, టార్చిలైటుతో సముద్రం వైపు సైగలు చేస్తుంటాడు. నేనే ఓ ఇరవై మందిని పట్టించి ఉంటాను, చదువుతూ.

ఆ పల్లె ఎలా ఉండేదో ఒకసారి చూడు. 1940 వేసవిలో శత్రువు దిగితే దారి తెలియకూడదని రోడ్ల పక్క ఊళ్ల పేర్ల బోర్డులు పీకేశారు. లండన్ పిల్లాడు పాల కోసం పక్క పొలానికి వెళ్లి తప్పిపోతే ఇక చదవడానికి బోర్డే లేదు. పోనీ ఎవరినైనా అడుగుదామంటే, కొత్తవాళ్లకు దారి చెప్పాలంటే ఊరివాళ్లకే అనుమానం. రాత్రి కిటికీలోంచి వెలుతురు బయటపడకూడదు. ఆ చీకట్లో కార్లు గుద్దేస్తాయని కొందరు రైతులు ఆవులకు తెల్ల చారలు పూశారు. నీ హీరో చీకట్లో నడుస్తుంటే ఎదురుగా గాల్లో తేలుతూ తెల్ల చారలు వస్తాయి చూడు, దానికి మించిన దెయ్యం కావాలా?

ఇంకోటి, చర్చి గంట. 1940 జూన్ నుంచి గంటలు మోగించడం ఆపేశారు. శత్రువు దిగితేనే మోగించాలి. అంటే ఊరి మధ్యలో ఒక తాడు వేలాడుతోంది, దాన్ని ఒక్కసారి లాగితే చుట్టుపక్కల మగాళ్లంతా తుపాకులో, అవి లేకపోతే కర్రలో పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఆ తాడు పక్కన పన్నెండేళ్ల కుర్రాణ్ణి ఒంటరిగా నిలబెట్టు. సెప్టెంబర్ 7 రాత్రి శత్రువు వచ్చేస్తున్నాడన్న గాభరాలో కొన్ని ఊళ్లలో గంటలు మోగాయి కూడా. ఎవరూ రాలేదు. మోగించినవాడి మొహం మర్నాడు ఎలా ఉండి ఉంటుంది! గూఢచారి లేని సాహసం అంటే అదే.

స్నేహం సంగతి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నీ ఇద్దరు పిల్లలూ లండన్‌వాళ్లే, ఊరి పిల్లాడు ఏడి? అక్కడ బళ్లు చాలక చాలా ఊళ్లలో రెండు షిఫ్టులు పెట్టారు, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. ఒకే బల్ల మీద ఊరి అమ్మాయి పొద్దున కూర్చుంటుంది, లండన్ అబ్బాయి మధ్యాహ్నం కూర్చుంటాడు. ఒకరినొకరు చూసుకోరు. బల్ల లోపల అతను సగం పెన్సిల్ మర్చిపోతాడు. మర్నాటికి అది చెక్కి ఉంటుంది. లేదా నమిలి ఉంటుంది! అక్కణ్ణుంచి నువ్వు రాయి. ఇది నీకిచ్చేస్తున్నా, నా పేరు వేయక్కర్లేదు.

పాలు సీసాలోంచి పుడతాయనుకున్న లండన్ పిల్లాడు ఆవును చూసి పారిపోయే జోకు మాత్రం వద్దు. ప్రతి పుస్తకంలోనూ ఉంది, నాకు విసుగొచ్చేసింది. పల్లె పిల్లలకు తెలియని విషయాలు లండన్ పిల్లలకు బోలెడు తెలుసు. ట్రామ్ ఎక్కడం, సినిమా హాలు, జనంలో తప్పిపోకుండా ఉండటం. నవ్వు రెండువైపులా ఉండాలి.

ప్రశ్న: ఈ నవలల్లో పిల్లల్ని ఉంచుకున్నవాళ్లు ఎప్పుడూ గయ్యాళులో పిసినారులో ఎందుకుంటారు? – ఒక పాఠకుడు

జవాబు: అందరూ అలా ఉండరు. మొదట చిటపటలాడి తర్వాత కరిగిపోయే ముసలాయన కూడా ఉంటాడు, ఆయన ఇప్పుడు గయ్యాళి కంటే ఎక్కువ అరిగిపోయాడు. అసలు విషయం ఏమిటంటే, పిల్లల్ని ఉంచుకోవడం చాలామందికి ఇష్టంతో చేసిన పని కాదు. గది ఖాళీ ఉంటే అధికారి వచ్చి పంచేవాడు, కాదంటే జరిమానా. ఒక పిల్లాడికి వారానికి 10 షిల్లింగుల 6 పెన్నీలు, ఇద్దరో ముగ్గురో ఉంటే తలకు 8 షిల్లింగుల 6 పెన్నీలు ఇచ్చేవారు. అది చాలదన్నవారూ ఉన్నారు, అందులోనే మిగుల్చుకున్నవారూ ఉన్నారు. దానికితోడు, కొత్త ఇంట్లో భయంతో రాత్రిళ్లు పక్క తడిపే పిల్లలు. రోజూ దుప్పట్లు ఉతికినావిడ వైపు నుంచి కూడా ఒక నవల రావాలి.

ఊరి హాల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి ‘నాకు ఆ పిల్ల కావాలి’ అంటూ ఏరుకునే సన్నివేశం మాత్రం రచయితలు పెంచి రాసింది కాదు. చాలాచోట్ల అలాగే జరిగింది. పనికొచ్చే పెద్ద కుర్రాళ్లు, ముద్దుగా ఉన్న ఆడపిల్లలు ముందు వెళ్లిపోయేవారు. అన్నాచెల్లెళ్లం విడిపోం అన్నవాళ్లు చివరిదాకా నిలబడేవారు. నీనా బాడెన్ లండన్ శివార్ల నుంచి వేల్స్‌లోని బొగ్గు గనుల ఊరికి ఇలా వెళ్లిన పిల్లే. 1973లో ఆవిడ రాసిన ‘క్యారీస్ వార్’ చదవండి. ఒక్క బాంబూ పడకుండానే గుండె దడదడలాడుతుంది.

ప్రశ్న: పిల్లల్ని ఓడల్లో విదేశాలకు కూడా పంపారట కదా. ఆ కథలు పిల్లలకు చదివి వినిపించవచ్చా? – ఒక లైబ్రేరియన్

జవాబు: పదేళ్లు దాటినవాళ్లకు, మీరు పక్కన కూర్చుంటే, చదవొచ్చు. ఓడ పేరు ‘సిటీ ఆఫ్ బెనారస్’. 1940 సెప్టెంబర్ 17 రాత్రి జర్మన్ జలాంతర్గామి దాన్ని అట్లాంటిక్‌లో ముంచేసింది. ప్రభుత్వ పథకం కింద కెనడా వెళ్తున్న 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. ఆ తర్వాత ఆ పథకమే ఆగిపోయింది.

పిల్లలు తట్టుకోగల భాగం ఒకటుంది. ఓడ మునిగేటప్పుడు దింపిన 12వ నంబరు ప్రాణరక్షక పడవలో ఆరుగురు అబ్బాయిలు, మొత్తం 46 మంది, ఎనిమిది రోజులు సముద్రం మీద ఉన్నారు. వాళ్లతో ఉన్న మేరీ కార్నిష్ అనే సంగీతం టీచర్ మొద్దుబారిన అబ్బాయిల కాళ్లు రుద్దుతూ, బుల్‌డాగ్ డ్రమ్మండ్ అనే సాహసవీరుడి కథలు కొంచెం కొంచెంగా చెప్పింది. సాహసం మధ్యలో కూర్చుని సాహస కథ వినడమంటే ఇదే.

ఆ పడవలో ఎక్కువమంది మన దేశపు నావికులే, లస్కర్లు. పిల్లల పుస్తకాల్లో వాళ్లు ఒక వాక్యంలో వచ్చి ఒక వాక్యంలో పోతారు. వాళ్లలో ఒకడి కళ్లతో ఈ కథను పిల్లల కోసం ఎవరైనా తెలుగులో రాస్తే, అచ్చుకు పంపేముందు నాకో కాపీ పంపండి.