మెకాలిస్టర్ కుటుంబం జమాఖర్చులు

సెలవుల్లో ‘హోమ్ అలోన్’ మళ్లీ చూసిన పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే. 1990లో వచ్చిన ఈ సినిమాలో షికాగో శివారు కుటుంబం క్రిస్మస్‌కు పారిస్ వెళ్తూ ఎనిమిదేళ్ల కెవిన్‌ను ఇంట్లో మరిచిపోతుంది. కెవిన్ తల్లిదండ్రులు పీటర్, కేట్ ఏం సంపాదిస్తారో సినిమా చెప్పదు. కానీ తెరమీద కనిపించేవాటితో చాలా దూరం లెక్క కట్టొచ్చు. కింద ఉన్నవన్నీ ఆనాటి డాలర్లు. 2024 విలువ కావాలంటే 1990 నాటి మొత్తాన్ని 2.4తో గుణించండి.

ప్రశ్న: పదిహేను మందికి పారిస్ టికెట్లు, అందులో పెద్దవాళ్లు ఫస్ట్ క్లాస్‌లో! ఇంత డబ్బు పీటర్, కేట్‌లకు ఎక్కడిది?

జవాబు: ఆ టికెట్లు వాళ్లు కొన్నవి కావు. పీటర్ సోదరుడు రాబ్‌కు పారిస్ బదిలీ అయింది, ఈ ప్రయాణం మొత్తం అతనే ఇస్తున్నాడు. పోలీసు వేషంలో వచ్చిన దొంగ హ్యారీకి కేట్ ఆ మాట స్పష్టంగానే చెబుతుంది. నలుగురు పెద్దలకు ముందు సీట్లు, బంధువుల పిల్లలతో కలిపి పదకొండు మంది పిల్లలకు వెనక సీట్లు తీసుకున్నా ఆ బిల్లు రాబ్‌ది. కాబట్టి ప్రయాణాన్ని చూసి పీటర్ సంపద అంచనా వేయకండి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

పీటర్ దంపతుల సొంత జేబులోంచి వెళ్లేది పిజ్జాల డబ్బు. పది పిజ్జాలు, ఒక్కోటి 12 డాలర్లు, మొత్తం బిల్లు 122 డాలర్ల 50 సెంట్లు. తలకు 8 డాలర్ల పైచిలుకు. 2024 విలువలో 294 డాలర్లు. బిల్లు విని పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు, అయినా అప్పటికప్పుడు నగదు తీసి ఇవ్వగలుగుతారు. వీళ్ల అసలు స్థాయి ఆ సన్నివేశంలోనే తెలుస్తుంది. చేతిలో డబ్బు ఆడుతుంది, కానీ లెక్క చూడకుండా ఖర్చుపెట్టేంత కాదు.

ప్రశ్న: అలాంటి ఇల్లు కొనాలంటే 1990లో ఎంత ఆదాయం ఉండాలి?

జవాబు: సమాధానం మొత్తం ఇల్లు ఏ సంవత్సరంలో కొన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే గుణకారం మొదలుపెడతారు.

బయటినుంచి మనం చూసే ఇల్లు ఇల్లినాయ్‌లోని విన్నెట్కాలో నిజంగానే ఉంది. దాని అప్పటి యజమానులు 1980ల చివర్లో 8,75,000 డాలర్లకు కొన్నట్టు పత్రికల్లో వచ్చింది. 2012లో అది 15,85,000కు అమ్ముడైంది. 2024లో 52,50,000కు అమ్మకానికి పెట్టారు. చివరి అంకె చూసి ఆ కుటుంబాన్ని కుబేరులను చేయొద్దు. 1988 నాటి 8,75,000 డాలర్లు ద్రవ్యోల్బణం కలిపితే 2012కి సుమారు 17 లక్షలవుతాయి. అంటే ఇరవై నాలుగేళ్లు గడిచినా నిజవిలువలో ఆ ఇల్లు పెరగలేదు, కొంచెం తగ్గింది. అసలు పెరుగుదలంతా ఆ తర్వాతిదే.

సరే, 1990లోనే 8,75,000కు కొన్నారనుకుందాం. ఇరవై శాతం చేతినుంచి కడితే 1,75,000 పోతుంది, అప్పు 7,00,000. ఆ ఏడు ముప్పై ఏళ్ల స్థిరవడ్డీ సగటు 10.13 శాతం. నెల వాయిదా 6,210 డాలర్లు, ఏడాదికి 74,520. ఆస్తిపన్ను విలువలో 2 శాతం అనుకుంటే 17,500. బీమాకు 2,500 వేసుకుందాం. ఈ రెండూ మా అంచనాలే, మీరు మార్చి చూసుకోవచ్చు. మొత్తం ఏటా 94,520.

అప్పిచ్చేవాళ్లు అప్పట్లో వాడిన కొలత ప్రకారం వాయిదా, పన్ను, బీమా కలిపి పన్నులకు ముందు ఆదాయంలో 28 శాతం దాటకూడదు. 94,520ని 0.28తో భాగించండి. సుమారు 3,37,500 వస్తుంది. ఆ సంవత్సరం అమెరికాలో మధ్యస్థ కుటుంబ ఆదాయం 29,943. అంటే పదకొండు రెట్లకు పైనే.

ఇప్పుడు రెండో దారి. ఐదుగురు పిల్లలున్న కుటుంబం, పెద్ద పిల్లలు హైస్కూల్ వయసువాళ్లు. ఇల్లు 1981లో, 4,00,000కు కొని ఉంటే? అప్పు 3,20,000. ఆ ఏడు సగటు వడ్డీ 16.63 శాతం, కాబట్టి వాయిదా 4,466. నిజంగా ఊపిరాడని మొత్తం. 1986లో వడ్డీ సగటున 10.19కి దిగినప్పుడు పాత అప్పు తీర్చి కొత్తది తీసుకుంటే వాయిదా సుమారు 2,850కి పడిపోతుంది. నెలకు 1,600 మిగులు. ఆస్తిపన్ను మాత్రం పాత కొనుగోలు ధర మీద పడదు, ఆ ఏటికి ఉన్న విలువ మీద పడుతుంది. అందుకని ఆ 17,500 అలాగే ఉంటుంది. మొత్తం 54,200, దానికి కావలసిన ఆదాయం సుమారు 1,94,000.

అదే ఇల్లు, అదే కుటుంబం. కొన్న ఏడాది మారితే కావలసిన ఆదాయం దాదాపు సగానికి వస్తుంది. మా మొగ్గు రెండో దారికే. ఇంట్లో సామాను, గోడలు, పిల్లలు గదులు పంచుకున్న తీరు చూస్తే ఏళ్లుగా స్థిరపడ్డ ఇల్లే అది. నిన్నమొన్న కొన్నట్టు ఏమీ అనిపించదు.

ఆస్తిపన్ను గురించి ఇంకో మాట. విన్నెట్కా పిల్లలు వెళ్లే న్యూ ట్రియర్ హైస్కూల్ పేరున్న ప్రభుత్వ బడి. బడుల ఖర్చులో పెద్ద భాగం ఈ పన్నునుంచే వస్తుంది. ఐదుగురు పిల్లలున్నవాళ్లకు 17,500 అంటే తలకు 3,500. ప్రైవేటు బడి ఫీజుతో పోలిస్తే అది చవకే. పిల్లలు ఎక్కువున్నవాళ్లు అలాంటి ఊరు ఎంచుకోవడానికి ఇదే బలమైన కారణం.

ప్రశ్న: మొదటి లెక్కే నిజమైతే, ఇంటి ఖర్చు పోను చేతికి ఎంత మిగులుతుంది?

జవాబు: ఆదాయం 3,40,000 అనుకుందాం. మొదటి ఏడు వాయిదాల్లో దాదాపు 70,800 వడ్డీయే. ఆ వడ్డీ, ఆస్తిపన్ను, రాష్ట్ర ఆదాయపన్ను మూడూ అప్పట్లో ఫెడరల్ (కేంద్ర) పన్ను లెక్కలో ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. ఇల్లినాయ్ పన్ను 3 శాతం, అంటే సుమారు 10,000. ఏడుగురికి తలా 2,050 చొప్పున 14,350 మినహాయింపు. పన్ను పడే ఆదాయం సుమారు 2,27,000కు దిగుతుంది.

ఇక్కడ 1990 నాటి ఒక విచిత్రం ఉంది. జంటలకు 28 శాతం శ్లాబు తర్వాత 33 శాతం శ్లాబు వచ్చేది, మినహాయింపుల లాభం పూర్తిగా తిరిగి వసూలయ్యాక మళ్లీ 28కి దిగేది. ఒక్కో మినహాయింపుకు ఆ 33 శాతం పట్టీ 11,480 డాలర్ల చొప్పున సాగుతుంది. కుటుంబం పెద్దదైతే పట్టీ పొడుగు, ఏడుగురికి అది 2,43,130 దాకా వెళ్తుంది. కాబట్టి వీళ్ల పై ఆదాయమంతా 33 శాతంలోనే. ఫెడరల్ పన్ను సుమారు 67,000. ఇద్దరూ ఉద్యోగులైతే పింఛనుకు, వృద్ధాప్య వైద్యానికి జీతంలో కోసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కలిపి గరిష్ఠంగా ఒక్కొక్కరికి 3,924. అన్నీ తీసేస్తే 2,55,000. ఇంటి ఖర్చు కూడా పోతే 1,60,000, నెలకు 13,000 పైన.

అది బోలెడు డబ్బులాగే ఉంటుంది. కానీ ఐదుగురి కాలేజీ చదువులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, మధ్యలో ఒక్కోసారి ఇద్దరివి, ముగ్గురివి కలిసి నడుస్తాయి. ఆ కాలానికి ఇప్పటినుంచే పక్కన పెట్టకపోతే ఈ మిగులు నిలవదు.

ప్రశ్న: తండ్రి ఏం పని చేస్తాడు? నేరాల డబ్బేమో అని కొందరంటున్నారు. నిజమా?

జవాబు: ఇంట్లో బట్టలు కుట్టేవాళ్లు వాడే బొమ్మలు చాలా ఉన్నాయి. కెవిన్ వాటితోనే దొంగలను పార్టీ జరుగుతోందని నమ్మిస్తాడు. సినిమాతోపాటు వచ్చిన నవలా రూపంలో కేట్ ఫ్యాషన్ డిజైనర్, పీటర్ వ్యాపారస్తుడు. తెరమీద కనిపించేదానికి ఇది సరిపోతుంది, రెండు ఆదాయాలూ లెక్కకు కుదురుతాయి.

నేరాల వాదన మాత్రం నిలవదు. 1990లో మామూలు ఇంటిరుణాల పరిమితి 1,87,450. 3,20,000 అయినా 7,00,000 అయినా అది దాటిన పెద్దరుణం. దానికి బ్యాంకు పాత పన్ను రిటర్నులు, జీతం రుజువులు, ఖాతాల వివరాలు అడుగుతుంది. డిజైనర్‌లా సొంత పని చేసుకునేవాళ్లను ఇంకా గట్టిగా, సాధారణంగా రెండేళ్ల రిటర్నులతో పరీక్షిస్తుంది. చూపించలేని డబ్బుతో ఈ ఇల్లు అప్పుమీద కొనడం దాదాపు అసాధ్యం, చూపించగలిగిన డబ్బుతో హాయిగా కుదురుతుంది.

ప్రశ్న: దొంగలతో పోరాటంలో ఇల్లు పాడైంది కదా, బీమా ఇస్తుందా?

జవాబు: కొంత ఇస్తుంది, కొంత తగాదా అవుతుంది. తలుపు పగలగొట్టడం, చొరబడడం వల్ల జరిగిన నష్టం దొంగల పని, మామూలు గృహబీమాలో వస్తుంది. అప్పట్లో 250 డాలర్ల దాకా యజమాని భరించాల్సి ఉండేది. కానీ మెట్లమీద తారు, తాళ్లతో వేలాడే పెయింటు డబ్బాలు, మంటపెట్టే టార్చి కెవిన్ అమర్చినవి. ఇంట్లో ఉండే కొడుకు కూడా పాలసీలో ‘బీమాదారు’ కిందికే వస్తాడు. కావాలని చేసిన నష్టానికి చెల్లించం అనే నిబంధన కంపెనీ చూపించవచ్చు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇల్లు పాడుచేయాలని చేయలేదు, దొంగలను ఆపడానికి చేశాడు అన్నది కుటుంబం వాదన. మా దృష్టిలో అది గట్టి వాదనే. అందుకని క్లెయిమ్ వేసేటప్పుడు పోలీసు రిపోర్టు ముందు జతచేసి, దొంగలు పగలగొట్టినవి ఒక జాబితాలో, ఉచ్చుల వల్ల పాడైనవి వేరే జాబితాలో రాయాలి. అన్నీ కలిపి ఒకే జాబితాలో రాస్తే మొత్తం క్లెయిమే ఆగిపోవచ్చు.

అసలు పెద్ద నష్టం పొరుగిళ్లది. రెండో దొంగ మార్వ్ తాము దోచిన ఇంట్లో సింకు మూసి కుళాయి తిప్పి వదిలేస్తాడు. నీళ్లు నేలమాళిగలో నిండితే ఫర్నేసు, వైరింగు, నేల మూడూ దెబ్బతింటాయి. సెలవుకు వెళ్లిన ఇల్లు పాలసీ భాషలో ఖాళీ ఇల్లు కాదు, సామాను ఉండి మనుషులు తిరిగొచ్చే ఇల్లు. కాబట్టి 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే విధ్వంసానికి చెల్లించబోమన్న అప్పటి నిబంధన వాళ్లకు అడ్డురాదు. నగలకు మాత్రం అప్పట్లో సాధారణంగా 1,000 డాలర్ల చుట్టూ విడిగా పరిమితి ఉండేది. ఖరీదైనవి ఉన్నవాళ్లు ఒక్కోటి విలువ కట్టించి పాలసీలో విడిగా చేర్పించుకోవాలి.

ప్రశ్న: రెండో సినిమాలో కెవిన్ తండ్రి క్రెడిట్ కార్డుమీద హోటల్ రూమ్ సర్వీసుకే 967 డాలర్లు ఖర్చుపెట్టాడు. అది తండ్రి కట్టాల్సిందేనా?

జవాబు: 1970 నుంచి అమెరికా చట్టం ప్రకారం అనుమతి లేకుండా కార్డు వాడితే యజమాని బాధ్యత 50 డాలర్లకు మించదు, ఫిర్యాదు చేసిన తర్వాత జరిగినదానికి అసలే ఉండదు. కథలో కార్డు పోయినట్టు తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తారు, దాని ఆచూకీ కూడా అలాగే దొరుకుతుంది. అయితే కార్డు వాడింది సొంత కొడుకు. తండ్రి కార్డు కొడుకు చేతిలో ఉంటే అనుమతి ఉన్నట్టే అని బ్యాంకు వాదించవచ్చు. దాన్ని తిప్పికొట్టాలంటే కొడుకు అనుమతి లేకుండా వాడాడని పీటర్ రాతపూర్వకంగా చెప్పాలి. ఆ మాట ఏ తండ్రీ రాయడు, కాబట్టి బిల్లు కట్టేస్తాడు. 1992 నాటి ఆ 967 డాలర్లు 2024 విలువలో 2,160 పైచిలుకు. మొదటి సినిమాలో తల్లిదండ్రులు లేని రోజుల్లో అదే కెవిన్ పాలు, బ్రెడ్డు, ఆరెంజ్ జ్యూసు లాంటివి కొని, కూపన్ చూపించి ఒక డాలరు తగ్గించుకుని కట్టిన బిల్లు 19 డాలర్ల 83 సెంట్లు.