అమెరికన్ రెజ్లర్ డేవిడ్ వాన్ ఎరిక్ బతికి ఉంటే ప్రపంచ ఛాంపియన్ అయ్యేవాడా?

అయ్యేవాడనే నా నమ్మకం. కాకపోతే టైటిల్ ఎన్నాళ్లు ఉండేదన్నది వేరే విషయం.

అప్పట్లో అమెరికా రెజ్లింగ్ ప్రాంతాలవారీగా నడిచేది. డాలస్‌లో డేవిడ్ తండ్రి ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ కంపెనీ ఉండేది. ఇలాంటి ప్రాంతీయ కంపెనీల కూటమి ఎన్‌డబ్ల్యూఏ. దాని ప్రపంచ ఛాంపియన్ ఒక్కడే కూటమిలోని ప్రాంతాలన్నీ తిరిగి, ప్రతి ఊళ్లోనూ అక్కడి హీరోతో ఆడాలి. గెలుపోటములు ముందే నిర్ణయించుకునే ఆట ఇది. స్థానిక హీరో గొప్పవాడిలా కనిపించాలి, బెల్టు మాత్రం తన దగ్గరే ఉండాలి. చాలా కష్టమైన పని అది. డేవిడ్‌కు ఆ నేర్పు ఉందని ఎందుకంటానంటే, టెక్సస్‌లో అందరి ముద్దుబిడ్డ అయిన అతను ఫ్లోరిడా వెళ్లి విలన్‌గానూ మెప్పించాడు. మైకు పట్టుకుని మాట్లాడటంలోనూ అన్నదమ్ముల్లో అతనే మేటి.

1984 ఫిబ్రవరి 10న టోక్యోలో, హోటల్ గదిలో చనిపోయాడు. పాతికేళ్లే. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మే 6న టెక్సస్ స్టేడియంలో, అన్న జ్ఞాపకార్థం జరిగిన షోలో తమ్ముడు కెర్రీ అప్పటి ఎన్‌డబ్ల్యూఏ ఛాంపియన్ రిక్ ఫ్లేర్‌ను ఓడించాడు. బెల్టు 18 రోజులే నిలిచింది, జపాన్‌లో ఫ్లేర్ తిరిగి గెలుచుకున్నాడు. డేవిడ్ అయితే కొన్ని నెలలైనా నిలబెట్టుకునేవాడని అభిమానులు వాదిస్తారు, నేనూ ఆ పక్షమే.

కానీ అతనుంటే డాలస్ కంపెనీ మూతపడేది కాదనే మాట మాత్రం ఒప్పుకోలేను. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) అప్పటికే కేబుల్ టీవీతో దేశమంతా విస్తరిస్తోంది. ఆ పోటీకి దాదాపు అన్ని ప్రాంతీయ కంపెనీలూ కూలిపోయాయి.