వడ్డీకి పోతున్న నాలుగు పిల్లలు

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర పల్లె. ముప్పై తల్లి గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్నాయి. కార్తీకం, మార్గశిరాల్లో పుట్టిన పిల్లలు 24. వాటిలో 13 పోతులు, 11 ఆడవి. ఒక పోతు అమ్మవారి మొక్కుకు పోగా, 12 పోతులకు ఒక్కోదానికి 5,500, నాలుగు ముసలి గొర్రెలకు 7,000 చొప్పున బేరం వచ్చింది. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 60 వేలు, డ్వాక్రాలో 35 వేలు బాకీ. ఆడ పిల్లలు కూడా 4,500 చొప్పున అమ్మేసి అప్పులన్నీ తీర్చేద్దామని నేను. సబ్సిడీ లోన్ తీసుకుని వంద గొర్రెలు చేద్దామని ఆయన. పాపకు ఎనిమిదేళ్లు, తనకంటూ ఏమీ దాచలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'ఇంటి ఖర్చుకు నెలకు మూడు వేలు తక్కువ పడుతుంది, వడ్డీకి డబ్బు లేనప్పుడు ఒక పిల్లను తోలేస్తాం' అన్నారు. 60 వేలకు నూటికి మూడు అంటే నెలకు 1,800. ఏడాదికి 21,600. మీ రేటు ప్రకారం అది దాదాపు నాలుగు పోతు పిల్లల ఖరీదు. తల్లి ఐదు నెలలు మోసి, మీరు మూడు నాలుగు నెలలు సాకిన నాలుగు పిల్లలు ప్రతి ఏడూ వడ్డీకే పోతున్నాయి, అసలు మాత్రం అలాగే కూర్చుంది. ముందు దీన్ని ఆపాలి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

పోతులకు 66 వేలు, ముసలి గొర్రెలకు 28 వేలు, మొత్తం 94 వేలు. ఇందులో నుంచి మూడు రూపాయల అప్పు 60 వేలూ ఒకేసారి తీర్చేయండి. డ్వాక్రా బాకీ జోలికి ఇప్పుడు పోవద్దు. దాని వడ్డీ తక్కువ, కంతు ఎలాగూ మీ ఇంటి ఖర్చులోనే లెక్క వేశారు. అప్పులన్నీ ఒక్కటి కావు. ఏడాదికి నూటికి 36 రూపాయలు లాగే అప్పును, డ్వాక్రా అప్పును ఒకే గాటన కట్టి, రెండూ తీరాలని ఆడ పిల్లలన్నీ అమ్మేయడం నాకు ససేమిరా నచ్చదు.

ఎందుకంటే ఆడ పిల్ల మీ అసలు, పోతు పిల్ల మీ పంట. మన వైపు గొర్రెలకు వెంట్రుకే గానీ ఉన్ని లేదు, కత్తిరించి అమ్ముకునేది ఏమీ ఉండదు. వచ్చేదల్లా పిల్లల డబ్బు, గెత్తం (పెంట ఎరువు) డబ్బు. మా అక్క పెళ్లికి మా నాన్న తొమ్మిది తల్లి గొర్రెలు అమ్మాడు. ఆ ఏడు చేతిలో డబ్బు ఆడింది. ఆ మంద మళ్లీ మొదటి లెక్కకు రావడానికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ మా అమ్మ కూలికి వెళ్లింది. అందుకే ఈ విషయంలో నేను కాస్త గట్టిగా చెబుతున్నాను.

అలాగని 11 ఆడ పిల్లలూ ఉంచేయమని కాదు. చైత్రం దాటితే గడ్డి ఎండిపోతుంది, చెరువులు అడుగంటుతాయి. ఇప్పుడు మినుము, పెసర కోసిన మళ్లలో మేత దొరుకుతోంది, తుమ్మ కాయలు రాలుతున్నాయి. వైశాఖంలో అన్ని నోళ్లకు మీరు తవుడు కొనాలి. నాలుగు ముసలివి పోతున్నాయి, ఏడాదిలో ఒకటో రెండో ఎలాగూ చస్తాయి. కాబట్టి మంచి ఎముక ఉన్నవి, బాగా పాలిచ్చే తల్లులకు పుట్టినవి ఏడు ఉంచుకోండి. నీరసంగా ఉన్న నాలుగు అమ్మండి. మరో 18 వేలు వస్తాయి.

అప్పు తీరగా మీ చేతిలో 52 వేలు ఉంటాయి. దీన్ని ఆ రోజే రెండు చోట్ల పెట్టండి. 36 వేలు పోస్టాఫీసు పొదుపు ఖాతాలో, మీ పేరున. ప్రతి నెలా ఒకటో తారీఖున మూడు వేలు మాత్రం తీయండి, జీతం వచ్చినట్టు. గొర్రెల డబ్బు ఒక్కసారే వస్తుంది, ఇల్లు పన్నెండు నెలలూ తింటుంది. ఈ ఒక్క ఏర్పాటు లేకే ఉగాదికి లక్ష చూసిన ఇల్లు ఆషాఢానికి అప్పుకు వెళ్తుంది. మిగిలిన 16 వేలు మంద డబ్బు. ఇంట్లో ఏ టెన్షన్ వచ్చినా దాన్ని ముట్టుకోకండి. వేసవి తవుడు, మందులు, బీమా అన్నీ దాంట్లో నుంచే.

నిరుడు ఐదు పిల్లలు పారుడు రోగంతో పోయాయని రాశారు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది. ఐదు పిల్లలంటే 27,500 రూపాయలు. పారుడుకు టీకా ఉంది, ఒకసారి వేస్తే మూడేళ్ల దాకా కాపాడుతుంది. చిటుక రోగానికి మాత్రం ఏటా వానలకు ముందే వేయించాలి. నట్టల మందు కూడా పట్టించండి. మీ పశువుల ఆసుపత్రిలో తేదీ అడిగి, మంద మొత్తానికీ ఒకే రోజు పెట్టించండి. మంద కదల్లేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేస్తే పశు వైద్య సంచార వాహనం వస్తుంది. పశువుల బీమాలో రైతు కట్టాల్సింది ప్రీమియంలో 15 శాతమే, మిగతాది ప్రభుత్వాలు కడతాయి. చెవికి ట్యాగు వేయించుకోవాలి. గొర్రె చచ్చిపోతే డాక్టరు చూసేవరకు ట్యాగు తీయకూడదు, పాతిపెట్టకూడదు. బీమా దండగ అనుకోవద్దు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రిని శ్రీకాకుళం వాళ్లు ఇంకా మరిచిపోలేదు.

మీ ఆయన సంగతి. అడవిలో, పొలాల్లో తిరిగే మనిషి. వేసవి వానల్లో పిడుగులు మన జిల్లాలకు కొత్త కాదు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే సురక్షా బీమా, 436 రూపాయలు పోయే జీవన జ్యోతి బీమా రెండూ పెట్టించండి. సురక్షా ప్రమాదానికి, జీవన జ్యోతి ఏ కారణంతో పోయినా. ఒక్కోదానికి 2 లక్షలు. సురక్షాకు 70 ఏళ్ల దాకా, జీవన జ్యోతిలో చేరడానికి 50 ఏళ్ల దాకా వయసు ఉండొచ్చు.

వంద గొర్రెల సబ్సిడీ గురించి ఆయనకు ఇలా చెప్పండి. జాతీయ పశుసంపద మిషన్‌లో వంద గొర్రెలు, ఐదు పొట్టేళ్ల యూనిట్‌కు సగం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. పథకం నిజమే. కానీ సబ్సిడీ విడతలుగా వస్తుంది, అప్పు మాత్రం ముందే నెత్తిన పడుతుంది. వంద గొర్రెలకు పచ్చి మేత పండించే భూమి కావాలి, మీకు ఉన్నది ఎకరం వరి. ఈ రెండేళ్లు వద్దు. మంద ఖర్చుకు డబ్బు అవసరమైతే పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. కట్టే గడువు ఉగాది అమ్మకాల తర్వాత పడేలా బ్యాంకులో ముందే మాట్లాడుకోండి.

పాపకు సుకన్య సమృద్ధి. పదేళ్లు నిండకముందే తెరవాలి. ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా బతికి ఉంటుంది, చేతిలో ఉన్నప్పుడు ఎంతైనా, 1.5 లక్షల వరకు వేయొచ్చు. నెలనెలా కట్టాల్సిన ఆర్డీ మీకు కుదరదు, ఇది కుదురుతుంది. వేసవిలో గెత్తం కోసం రైతుల పొలాల్లో మంద కట్టినందుకు వచ్చే డబ్బులో మొదటి వెయ్యి దీంట్లో వేయండి. మిగతాది ఆపదకు దాచండి.

అమ్మే ముందు ఒక పని. ఆ దళారీ ఇస్తానన్న 10 వేల బయానా తీసుకోవద్దు. తీసుకుంటే రేటు ఆయనదే. పోయిన వారం చీపురుపల్లి వైపు ఒక మంద దగ్గర తెల్లవారుజామున నిలబడ్డాను. గంప కింద నుంచి ఆలస్యంగా పుట్టిన పిల్ల అరుస్తుంటే తల్లి గంప చుట్టూ తిరుగుతోంది. బేరగాడు ఒక పోతును నడుం దగ్గర పట్టి పైకెత్తి, 'పన్నెండు కిలోలు' అన్నాడు. ఆ ఇంటావిడ వేప కొమ్మకు కొక్కెం కాటా కట్టి, గోనెసంచిలో పిల్లను వేలాడదీసింది. ముల్లు పద్నాలుగు దాటింది. మీ ఊరి రేటు కిలో 380 అన్నారు, రెండు కిలోలు అంటే 760 రూపాయలు. పన్నెండు పిల్లలకు లెక్క వేసుకోండి. మానాపురం సంతకు తోలినా, ఇంటి దగ్గర అమ్మినా, ముందు మీ కాటా మీద తూయండి.

ఇక 60 వేలు కట్టడానికి వెళ్లినప్పుడు మీ ఇద్దరూ వెళ్లండి. ప్రోనోటు వెనక 'పూర్తిగా ముట్టింది' అని తేదీతో రాయించి, సంతకం పెట్టించి, ఆ నోటు మీ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.